ఇంటి అక్వేరియంలో నత్తల పెంపకం: ముందు నీటిని చూసుకోండి

అక్వేరియం దుకాణాల్లో నత్తలను అమ్మేవారు సాధారణంగా చెప్పే మాట ఒకటే: ఇవి తొట్టిని శుభ్రం చేస్తాయి. ఇందులో కొంత నిజం ఉంది. అద్దం మీద, రాళ్ల మీద, మొక్కల ఆకుల మీద పేరుకునే పలుచని నాచును నత్తలు గీకి తింటాయి. చేపలు వదిలేసిన మేతను, కుళ్లుతున్న ఆకులను కూడా వదలవు. అయితే తిన్నదంతా విసర్జన రూపంలో తిరిగి అదే నీటిలో కలుస్తుంది కనుక, నత్త ఉన్నంత మాత్రాన నీళ్లు మార్చే పని తప్పదు. ఒక పెద్ద నత్త ఎంత మలం విడుస్తుందో తొట్టి అడుగున ఇసుకను చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి నాచు వదిలించుకోవడమే ఉద్దేశమైతే దీపం వెలిగే గంటలు తగ్గించి, మేత తగ్గించడం మేలైన మార్గం. నత్తను నత్తగానే పెంచాలనుకునేవారికి ఈ వివరాలు ఉపయోగపడతాయి.

నత్తల పెంపకంలో ఎదురయ్యే కష్టాల్లో చాలావరకు నీటి దగ్గరే మొదలవుతాయి. చేపకు కాస్త తేడాగా ఉన్న నీరు సరిపెట్టుకోగలిగినదే కావచ్చు గానీ, నత్త తన గుల్లను ఆ నీటిలోని ఖనిజాలతోనే కట్టుకుంటుంది, ఆ నీటిలోనే దాన్ని కాపాడుకోవాలి. అందుకని ఏ నత్త కొనాలి అన్న ప్రశ్న కంటే ముందు మన కుళాయిలో వచ్చేది ఎలాంటి నీరు అన్న ప్రశ్న వేసుకోవాలి.

మీ ఇంటి నీరు ఎలాంటిది?

నత్త గుల్లలో అధిక భాగం కాల్షియం కార్బొనేట్. దాని పైన పలుచని ప్రోటీను పొర ఒకటి రక్షణగా ఉంటుంది. కాల్షియంను నత్త మేత నుంచి కొంత, చర్మం ద్వారా నేరుగా నీటి నుంచి కొంత తీసుకుంటుంది. నీటి పీహెచ్ 7 కంటే తగ్గి ఆమ్ల గుణం వచ్చినప్పుడు, పై పొర అరిగిన చోటల్లా కాల్షియం కార్బొనేట్ కరగడం మొదలవుతుంది. గుల్లలో అన్నిటికంటే పాత భాగం చుట్ల కొన కాబట్టి మొదట తెల్లబడి, గుంటలు పడేది అక్కడే. పీహెచ్ 7.2 నుంచి 8 వరకు, మొత్తం కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియంల కొలత అయిన జీహెచ్, 8 నుంచి 15 డిగ్రీల వరకు, కార్బొనేట్ కాఠిన్యం, అంటే పీహెచ్‌ను నిలకడగా ఉంచే కేహెచ్, 5 డిగ్రీలకు తగ్గకుండా ఉంటే ఇంట్లో పెంచే నత్తలన్నిటికీ సరిపోతుంది. ఒక డిగ్రీ అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కలో లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ఆమోదయోగ్యంగా పేర్కొన్న కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు, అంటే దాదాపు 11 డిగ్రీలు. నత్తకు అది చక్కగా కుదిరే అంకె.

పరీక్ష కిట్టు లేకపోయినా మొదటి అంచనా వంటింట్లోనే దొరుకుతుంది. పప్పు తొందరగా ఉడకక, సబ్బు నురగ రాక, గీజరులోను, బకెట్ల అంచుల మీద తెల్లని పొర కడుతుంటే ఆ నీరు కఠినమైనది. మనం విసుక్కునే ఆ తెల్లని పొర కూడా ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. నత్తకు కావలసిన సరుకు అదే. తెలంగాణలోను, రాయలసీమలోను బోరు నీరు చాలా చోట్ల ఈ కోవలోకే వస్తుంది. అటువంటి నీరున్న ఇంట్లో నత్తల పెంపకం సగం సులువైపోయినట్టే. అయితే ఉప్పగా ఉన్న నీరంతా కఠినజలం కాదు. తీర ప్రాంతాల బోర్లలో, కరిగిన లవణాలన్నిటినీ కలిపి కొలిచే టీడీఎస్ మీటరు పెద్ద అంకె చూపించినా, అందులో అధిక భాగం సోడియం ఉప్పే కావచ్చు. ఏ లవణం ఎంత ఉందో ఆ మీటరు చెప్పదు. జీహెచ్, కేహెచ్‌లను కొలిచే చుక్కల కిట్టు ఒకటి కొనుక్కోవడం దీనికి సరైన ఉపాయం.

నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి తొట్టిలో పట్టి, ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఉంచితే అది పోతుంది. తొందరగా కావాలంటే దుకాణాల్లో యాంటీ క్లోరిన్ అని అమ్మే సోడియం థయోసల్ఫేట్, అంటే హైపో, సీసా మీద రాసిన మోతాదులో కలపవచ్చు. నీటిని తేర్చడానికి పల్లెల్లో పటిక వాడే అలవాటు ఉంది గానీ, అక్వేరియం నీటికి అది పనికిరాదు. పటిక కేహెచ్‌ను తగ్గించి పీహెచ్‌ను కిందికి లాగుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఆర్‌ఓ నీటితో. తాగడానికి మంచిదైనది పెంపుడు జీవికి ఇంకా మంచిదన్న ఆలోచనతో తొట్టి నిండా ఆర్‌ఓ నీరు పోస్తే, అందులో కాల్షియం దాదాపు ఉండదు. పీహెచ్‌ను నిలకడగా ఉంచే శక్తి కూడా ఉండదు. చేపలు హాయిగా తిరుగుతుంటాయి, నత్త గుల్ల మాత్రం కొన్ని నెలల్లోనే సుద్దలా పాలిపోతుంది. ఆర్‌ఓ నీటిని పూర్తిగా మానక్కరలేదు. మరీ కఠినమైన బోరు నీటిని పలుచన చేయడానికి అది చక్కగా పనికొస్తుంది. బోరు నీరు 30 డిగ్రీలుంటే, సమానంగా ఆర్‌ఓ నీరు కలిపితే 15 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది.

నగరాల్లోని అపార్ట్‌మెంటు వాసులు మరొక విషయం కనుక్కోవాలి. చాలా భవనాల్లో బోరు నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ ప్లాంటు ఉంటుంది. వాచ్‌మన్ దానిలో నెలనెలా ఉప్పు బస్తాలు పోస్తుంటాడు. ఆ యంత్రం నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని, వాటికి బదులుగా సోడియంను వదులుతుంది. టీడీఎస్ మీటరులో అంకె పెద్దగా మారదు, పీహెచ్ బాగానే ఉంటుంది, కేహెచ్ కూడా ఉంటుంది. జీహెచ్ మాత్రం సున్నాకు దగ్గరపడుతుంది. అన్నీ సరిగానే ఉన్నా నత్తలు ఎందుకు చిక్కిపోతున్నాయో అర్థం కాని ఇళ్లలో ముందుగా అనుమానించవలసినది దీన్నే. సాఫ్ట్‌నర్‌కు ముందున్న కుళాయి నుంచి నీరు పట్టుకునే వీలుంటే సమస్య అక్కడితో తీరిపోతుంది.

రాగి సంగతి

నత్తలకు రాగి విషం. వాటిలో చాలా జాతుల రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోసయానిన్ రాగి ఆధారంగానే పనిచేస్తుంది. అయినా నీటిలో కరిగిన రాగి స్వల్ప మోతాదులోనే వాటిని చంపుతుంది. చెరువుల్లో నత్తలను వదిలించడానికి మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, వాడేది ఇందుకే. తాగునీటిలో రాగికి ఐఎస్ 10500 ఆమోదయోగ్యంగా చెప్పిన హద్దు లీటరుకు 0.05 మిల్లీగ్రాములు, ప్రత్యామ్నాయం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. ఆ పై హద్దుకు దగ్గరగా ఉన్న నీరు మనకు తాగదగినదే కావచ్చు, నత్తకు మాత్రం ప్రాణాంతకం. కాబట్టి రాగి బిందెలో నిల్వ ఉంచిన నీటిని, రాగిని చేర్చే కార్ట్రిడ్జ్ అమర్చిన ప్యూరిఫయర్ నీటిని అక్వేరియంలో పోయకూడదు. ఇత్తడి చెంబుతో నీళ్లు మార్చే అలవాటు కూడా మానుకుని, ప్లాస్టిక్ మగ్గును దానికోసమే కేటాయించడం మంచిది.

చేపల మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. తెల్ల మచ్చల జబ్బుకో, పరాన్నజీవులకో మందు వేయవలసి వస్తే చేపను వేరే తొట్టిలోకి మార్చి అక్కడ వైద్యం చేయాలి. మన దగ్గర ప్రతి జబ్బుకూ మొదట గుప్పెడు కల్లుప్పు వేసే ఆచారం ఒకటి ఉంది. చేప దాన్ని ఓర్చుకుంటుంది గానీ, నత్తలు, మంచినీటి మొక్కలు ఓర్చుకోలేవు. గది గోడలకు, మూలలకు కొట్టే బొద్దింకల మందు కూడా నీటి మీద పడకుండా, కొట్టే ముందు తొట్టిని కప్పి, ఎయిర్ పంపు ఆపడం అవసరం. ఆ పంపు గది గాలినే నీటిలోకి పంపుతుంది.

కాల్షియం ఎక్కడ నుంచి ఇవ్వాలి?

నీరు మెత్తనిదైతే కాల్షియంను బయటి నుంచి చేర్చాలి. పక్షుల మేత అమ్మే దుకాణాల్లోను, ఆయుర్వేద సరుకుల కొట్లలోను దొరికే సముద్రపు నురుగు, అంటే కటిల్‌ఫిష్ ఎముక, దీనికి చాలా అనువైనది. చిన్న ముక్కను మరిగించి నీటిలో వేస్తే మొదట తేలుతుంది, తర్వాత నానుతూ అడుగుకు దిగుతుంది. నత్తలు దాని మీద ఎక్కి గీకడం కనిపిస్తుంది. పగడపు ముక్కలను గుడ్డ సంచిలో కట్టి ఫిల్టర్ దగ్గర ఉంచడం మరో పద్ధతి. ఇందులో ఒక సౌకర్యం ఉంది: నీటిలో ఆమ్లగుణం పెరిగితేనే పగడం త్వరగా కరుగుతుంది, పీహెచ్ తగినంత ఉన్నప్పుడు కరగడం తానే నెమ్మదిస్తుంది. ఉడికించి, లోపలి పొర ఒలిచి, దంచిన కోడిగుడ్డు పెంకులు కూడా పనిచేస్తాయి గానీ అవి నెమ్మదిగా కరుగుతాయి.

తాంబూలానికి వాడే సున్నాన్ని మాత్రం ఏ పరిస్థితిలోనూ వేయకూడదు. అది కాల్షియం హైడ్రాక్సైడ్. చిటికెడు పడినా చిన్న తొట్టిలో పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకి చేపలు, నత్తలు రెండూ చనిపోతాయి. సున్నపురాయి వేరు, సున్నం వేరు.

ఏ నత్తను ఎంచుకోవాలి?

మొదటిసారి పెంచేవారికి మిస్టరీ నత్త మంచి ఎంపిక. దక్షిణ అమెరికాకు చెందిన ఈ పొమేసియా డిఫ్యూజా బంగారు, నీలం, ఊదా, దంతపు రంగుల్లో దొరుకుతుంది, దాదాపు 5 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, బతికున్న మొక్కల జోలికి సాధారణంగా పోదు. దీనికి మొప్పతో పాటు ఊపిరితిత్తి కూడా ఉంటుంది. ఉపరితలానికి కాస్త దిగువన అద్దం మీద ఆగి, ఎడమ వైపు నుంచి మెత్తని గొట్టాన్ని సాగదీసి, దాని కొనను నీటి పైకి తేల్చి, తల వెనక భాగాన్ని ముందుకూ వెనక్కూ ఊపుతూ గాలి నింపుకుంటుంది. కొత్తగా చూసేవారు దానికేదో అయిందని కంగారు పడతారు. అది రోజూ జరిగే పనే. ఇది అద్దం మీద నడిచేటప్పుడు కింది నుంచి దగ్గరగా చూస్తే నోరు తెరుచుకోవడం, పళ్ల వరుసలున్న రాడ్యులా బయటికి వచ్చి నాచును ఒక్క గీత గీకి లోపలికి పోవడం కనిపిస్తాయి. తల అటూ ఇటూ తిరుగుతూ సాగుతుంది కాబట్టి పచ్చని పొర మీద వంకర టింకర గీతలు మిగులుతాయి. సాధారణంగా ఒకటి రెండేళ్లు బతుకుతుంది. నీరు వెచ్చగా ఉన్నకొద్దీ పెరుగుదల వేగం పెరిగి ఆయుష్షు తగ్గుతుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. దీనికి దగ్గరి బంధువైన పొమేసియా కెనాలిక్యులేటా, అంటే గోల్డెన్ యాపిల్ నత్త, మొక్కలను, వరి నారును తెగమేస్తుంది. దాని గుల్ల చుట్ల మధ్య కాలువలాంటి లోతైన గాడి ఉంటుంది. మిస్టరీ నత్తకు ఆ గాడి లోతుగా ఉండదు, చుట్టు భుజం చదునుగా మలుపు తిరుగుతుంది.

నెరైట్ నత్తలు నాచు తినడంలో మిగతా అన్నిటినీ మించుతాయి. చారలతో, మచ్చలతో, కొన్ని రకాల్లో కొమ్ములతో ఇవి చూడటానికి కూడా బాగుంటాయి. వీటి పిల్లలు ఎదగడానికి ఉప్పు నీరు కావాలి కనుక మంచినీటి తొట్టిలో సంతానం పెరిగే బెడద లేదు. అయినా ఆడవి గుడ్లు పెట్టడం మానవు: నువ్వుగింజంత తెల్లని చుక్కలు చెక్క మీద, అద్దం మీద, ఒక్కోసారి తోటి నత్త గుల్ల మీద కూడా అతుక్కుని, బ్లేడుతో గీకితే గానీ రావు. ఇది కంటికి ఇంపుగా ఉండదనుకునేవారు నెరైట్‌లను తెచ్చుకోకపోవడమే మంచిది. వెల్లకిలా పడినప్పుడు ఇవి తమంతట తాము తిరగలేకపోవచ్చు కాబట్టి రోజుకొకసారి చూసి తిప్పి పెట్టాలి. మన తీరంలోని మడ అడవుల్లో, ఉప్పుటేరుల్లో ఈ కుటుంబపు నత్తలు ఉంటాయి గానీ, ఉప్పదనానికి అలవాటు పడిన వాటిని తెచ్చి మంచినీటిలో వేయడం తగదు.

రామ్స్‌హార్న్ నత్తల గుల్ల పొట్టేలు కొమ్ములా ఒకే తలంలో చుట్టుకుని ఉంటుంది. వీటి రక్తంలో మనలాగే హీమోగ్లోబిన్ ఉండటం వల్ల, నల్ల రంగు లోపించిన రకాలు ఎర్రగా మెరుస్తాయి. ఇవి, వీటితో పాటు మొక్కల వెంట చెప్పకుండా వచ్చే బ్లాడర్ నత్తలు, ఇసుకలో దూరే మలేషియన్ ట్రంపెట్ నత్తలు కొనకుండానే ఇంటికి చేరే రకాలు. ట్రంపెట్ నత్త పగలంతా ఇసుకలో ఉండి, రాత్రి బయటికి వస్తుంది. ఇసుకను కదిలించడం వల్ల అడుగున గాలి ఆడక కుళ్లు పట్టడం తగ్గుతుంది. దాన్ని తెగులుగా చూసేవారితో ఏకీభవించడం కష్టం. ఈ చిన్న నత్తలనే తినే అసాసిన్ నత్త కూడా మార్కెట్లో ఉంది గానీ, ముచ్చటపడి కొన్న నత్తలున్న తొట్టిలో దాన్ని వేయకూడదు.

వరి పొలాల్లో, చెరువుల్లో దొరికే మన నత్తగుల్లల సంగతేమిటని చాలామంది అడుగుతారు. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినవారికి పైలా గ్లోబోసా పేరుతో ఈ నత్త పరిచయమే. ఇది గట్టి ప్రాణి. వేసవిలో బురదలో కూరుకుపోయి, గుల్ల నోటిని కప్పే మూత బిగించుకుని, వానలు వచ్చేదాకా నిద్రాణంగా ఉండగలదు. అయినా ఇంటి తొట్టికి ఇది తగినది కాదు. మెత్తని ఆకులున్న మొక్కలను తినేస్తుంది. పొలంలో చల్లిన పురుగుమందుల అవశేషాలను, చేపలకు సోకే పరాన్నజీవుల లార్వాలను తనతో తేవచ్చు. చెరువుల్లోని రామ్స్‌హార్న్ జాతి ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్ పశువుల రక్తపు పురుగులకు మధ్యంతర అతిథేయి, అంటే ఆ పురుగులు పశువుకు సోకే ముందు ఒక దశ దానిలో పెరుగుతాయి. దాని నుంచి వెలువడే లార్వాలు మనుషుల చర్మానికి దురద పుట్టిస్తాయి. కాబట్టి బయటి నత్తలను బయటే ఉంచాలి.

తొట్టి, తోడు చేపలు

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టిలో సుమారు 55 లీటర్లు పడతాయి. చేపలతో పాటు నాలుగైదు మిస్టరీ నత్తలకు అది చాలు. అంచు దాకా నింపకుండా పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి. నత్త గాలి పీల్చడానికే కాక, గుడ్లు పెట్టడానికి కూడా ఆ చోటు కావాలి. మూత తప్పనిసరి, ఎందుకంటే మిస్టరీ నత్తలు రాత్రిపూట అద్దం దాటి కింద పడతాయి, గచ్చు మీద పడిన గుల్ల పగులుతుంది. ఫిల్టర్‌కు స్పాంజ్ రకం మేలు. నీటిని లాగే గొట్టమున్న ఫిల్టరైతే దాని మూతికి స్పాంజ్ తొడగాలి. కొత్తగా నింపిన తొట్టిలో నత్తను వెంటనే వేయకూడదు. అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నత్తకు ఇష్టమైన ఎక్కువ పీహెచ్‌లో అమోనియా మరింత విషపూరితమవుతుంది కూడా.

తోడు చేపల విషయంలో కఠినజలాన్ని ఇష్టపడే గప్పీలు, మోలీలు, ప్లాటీలు నత్తలకు అచ్చంగా సరిపోతాయి. మెత్తని, ఆమ్ల నీటిని కోరే నియాన్ టెట్రాల వంటివాటిని నత్తలతో కలిపితే ఎవరో ఒకరు నష్టపోతారు. పఫర్, లోచ్ చేపలు నత్తలను తింటాయి. గోల్డ్‌ఫిష్, ఫైటర్ చేపలు నత్త మీసాలను కొరుకుతాయి; మీసం మళ్లీ మొలుస్తుంది గానీ, ఎప్పుడూ కొరికించుకునే నత్త గుల్లలోనే ముడుచుకుని ఆకలితో చిక్కిపోతుంది.

దుకాణంలో అద్దానికి అతుక్కుని కదులుతున్న నత్తను ఎంచుకోవాలి. ముడుచుకుని ఉన్నదాని మూత గట్టిగా బిగిసి ఉండాలి; మూత లోతుగా లోపలికి పోయినా, వేలాడుతున్నా తీసుకోవద్దు. అతుక్కున్న నత్తను పైకి గుంజకూడదు, పక్కకు మెల్లగా జరిపి తీయాలి. గుల్ల అంచు వద్ద పలుచని, లేత రంగు పట్టీ కనిపిస్తే అది కొత్తగా పెరుగుతున్న భాగం, వేళ్లు అక్కడ ఆనించకూడదు. ఇంటికి తెచ్చాక సంచిని అరగంట నీటి మీద తేలనిచ్చి, తర్వాత నత్తను గిన్నెలోకి మార్చి, సన్నని ఎయిర్ గొట్టానికి ముడి వేసి తొట్టి నీటిని గంటసేపు చుక్క చుక్కగా పడనివ్వాలి. దుకాణం నీటిని తొట్టిలో పోయవద్దు. ఒకటి రెండు రోజులు నత్త తన మూత తెరవకపోయినా కంగారు పడనక్కరలేదు.

మేత

నాచు మీదే బతుకుతుందని నత్తను వదిలేస్తే, నాచు అయిపోయిన రోజు నుంచి అది పస్తుంటుంది. కీరా, బీరకాయ, సొరకాయ, గుమ్మడి, క్యారెట్ ముక్కలను ఉప్పు వేయకుండా రెండు నిమిషాలు ఉడికించి, చల్లార్చి, స్టీలు చెంచాకు గుచ్చి మునిగేలా వేస్తే సాయంత్రానికి నత్తలన్నీ అక్కడ చేరతాయి. బజారు కూరగాయల మీద మందుల అవశేషాలు ఉంటాయి కనుక తొక్క తీసి, బాగా కడిగి వేయాలి. పాలకూరలోని ఆక్సలేట్ కాల్షియంను పట్టేస్తుంది కాబట్టి దాన్ని ఎప్పుడైనా ఒకసారికి పరిమితం చేయడం మంచిది. రాలి ఎండిన బాదం ఆకును కడిగి వేస్తే వారాల తరబడి మెల్లగా తింటూనే ఉంటాయి. కాకపోతే అది నీటిని కొద్దిగా ఆమ్లం వైపు మళ్లిస్తుంది. కఠినజలంలో దానికి భయం లేదు. వారానికి రెండు మూడుసార్లు ఆల్గీ వేఫర్ ఇవ్వవచ్చు. మిగిలిపోయిన కూర ముక్క మర్నాటికి తొట్టిలో ఉండకూడదు.

వేసవి

22 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య నత్తలు సుఖంగా ఉంటాయి. మే నెలలో మన ఇళ్లలో నీరు 30 దాటడం మామూలే. అప్పుడు నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, నత్తలన్నీ పైభాగానికి చేరి కదలకుండా ఉంటాయి. మూత తీసి, దోమల జాలీ కట్టి, ఉపరితలం మీదుగా గాలి వీచేలా చిన్న ఫ్యాను పెడితే ఆవిరి వల్ల నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. తీరప్రాంతపు ఉక్కలో ఈ ఫలితం తక్కువ. ఆవిరైపోయేది నీరే, ఖనిజాలు తొట్టిలోనే మిగులుతాయి. కాబట్టి తగ్గిన మేరకు ఆర్‌ఓ నీటితో నింపాలి, వారానికోసారి నాలుగో వంతు మార్చేటప్పుడు మాత్రం ఎప్పటిలా బోరు, ఆర్‌ఓ కలిపిన నీటినే వాడాలి. వేసవిలో రెండింటికీ బోరు నీరే పోస్తూ పోతే కాఠిన్యం నెల నెలా పెరిగిపోతుంది. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది.

సంతానం

మిస్టరీ నత్తల్లో ఆడ, మగ వేరు. ఆడది రాత్రిపూట నీటి పైకి ఎక్కి, అద్దం మీదో మూత కిందో లేత గులాబీ రంగు గుడ్ల గుత్తిని పెడుతుంది. మొదట మెత్తగా ఉండి, తర్వాత గట్టిపడుతుంది. తేమ తగలాలి, నీటిలో మునగకూడదు. రెండు మూడు వారాల్లో రంగు వెలిసి, పిల్లలు నీటిలోకి రాలతాయి. ఆడది మగకణాలను నెలల తరబడి దాచుకోగలదు, అందువల్ల ఒంటరిగా కొన్న నత్త గుడ్లు పెట్టినా ఆశ్చర్యం లేదు. పిల్లలు వద్దనుకుంటే గుత్తిని మెల్లగా ఊడదీసి, ఫ్రీజర్‌లో రెండు రోజులుంచి చెత్తలో వేయాలి. రామ్స్‌హార్న్, బ్లాడర్ నత్తలు ద్విలింగ జీవులు. ట్రంపెట్ నత్త మగ తోడు లేకుండానే నేరుగా పిల్లలను కంటుంది. వీటి సంఖ్య పెరిగిందంటే మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. రాత్రి కీరా ముక్క వేసి, దీపం తీసేసి, పొద్దున్నే దాని మీద చేరినవాటిని తీసేయడం, మేతను సగానికి తగ్గించడం రెండూ కలిసి చేస్తేనే ఫలితం కనిపిస్తుంది. కొత్త మొక్కలను తొట్టిలో పెట్టే ముందు పటిక నీటిలో కొన్ని గంటలు నానబెట్టి బాగా కడిగితే, ఆకులకు అంటుకున్న నత్తలు చాలావరకు పోతాయి. పటికకు అక్వేరియం పనిలో ఉన్న చోటు ఇదొక్కటే.

గుల్ల చెప్పే సంగతులు

చుట్ల కొన తెల్లబడితే నీరు ఆమ్లమైందని, కొత్తగా పెరిగిన అంచు పలుచగా, గరుకుగా ఉంటే కాల్షియం చాలడం లేదని, పాత భాగానికీ కొత్త భాగానికీ మధ్య గట్టి గీత పడితే ఆ సమయంలో నత్త ఇబ్బంది పడిందని గ్రహించాలి. ఒకసారి అరిగిన చోటు పైనుంచి తిరిగి పూడదు. నీటిని సరిచేశాక పెరిగే భాగం నున్నగా వస్తే చాలు. చిన్న పగులును నత్త లోపలి నుంచి పూడ్చుకోగలదు. తేలుతున్న నత్త చనిపోయిందని తీర్మానించవద్దు, లోపల గాలి నిలిచి తేలవచ్చు. తీసి వాసన చూస్తే తెలుస్తుంది: చచ్చిన నత్త వాసనను పొరబడే అవకాశమే లేదు. అటువంటిదాన్ని వెంటనే తీసి మూడో వంతు నీరు మార్చాలి. పెద్ద నత్త కుళ్లితే చిన్న తొట్టిలో అమోనియా వేగంగా పెరుగుతుంది. నత్తలు పరాన్నజీవులను మోయగలవు కనుక తొట్టి పని ముగియగానే చేతులు సబ్బుతో కడగాలి, గొట్టాన్ని నోటితో పీల్చి నీరు తీసే అలవాటు మానుకోవాలి.

ఎక్కువైన నత్తలను చెరువులోనో, కాలువలోనో, వాన నీటి మురుగులోనో వదలవద్దు. గోల్డెన్ యాపిల్ నత్తను ఆహారం కోసమని 1980 ప్రాంతంలో తైవాన్‌కు తెచ్చారు. అక్కడి నుంచి ఫిలిప్పీన్స్, వియత్నాం వంటి దేశాలకు పాకి వరి పొలాలను నాశనం చేసింది. యూరోపియన్ యూనియన్ 2012లో పొమేసియా ప్రజాతి మొత్తాన్ని నిషేధించింది. ఏ జాతో కచ్చితంగా తెలియని నత్త ఒకటి కృష్ణా, గోదావరి డెల్టాల కాలువల్లో పడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మిగులు నత్తలను పఫర్, లోచ్ చేపలు పెంచేవారికి ఇవ్వవచ్చు. తీసుకునేవారు లేకపోతే ఫ్రీజర్‌లో ఉంచి, దంచి, మొక్కల ఎరువులో కలపవచ్చు. మార్చిన నీటిని కూడా మురుగు కాలువలో పారబోయకుండా కుండీల మట్టిలో పోస్తే, అందులో కొట్టుకొచ్చిన గుడ్లు, పిల్లలు అక్కడే ఎండిపోతాయి.